పదిహేను పసుపు చుక్కలు

తుగ్గలి దగ్గర, నరసింహ చేని కొట్టం
9 జూన్ 2025

మేనకోడలు అంజలికి అత్త బసమ్మ రాసేది. ఒళ్ళు బాగానే ఉంది. చెవులు మాత్రం నువ్వు ఉగాదికి చూసినప్పటికంటే ఇంకొంచెం తగ్గినాయి. ఆదోని జిన్నింగు మిల్లులో ముప్పై ఏండ్లు పత్తితోపాటు నా చెవుల్లోంచి కూడా గింజ తీసేసినారు. కాబట్టి ఫోన్ చెయ్యొద్దు. పోయినసారి మీ నాయన గిడ్డయ్య ఫోన్‌లో ఏదో అడిగితే నేను "సరే సరే" అన్నాను. మూడోనాడు ఎమ్మిగనూరు నుంచి రెండు మూటల ఉల్లిగడ్డలు దిగినాయి. ఉత్తరం రాయి. ఏడో తరగతి పాసైనదాన్ని, చదువుకుంటాను.

తొలకరి పడింది. వాన ఎర్రనేలను కడిగితే రాళ్ళు బయటపడతాయి కదా, ప్రతి ఏడూ మాదిరే వజ్రాల వేటకి వచ్చినాను. తోడుగా రూత్ ఉంది, మిల్లులో నా పక్క మిషను ఆమె. ఆమె యేసయ్యని అడుగుతుంది, నేను ఉరుకుంద ఈరన్నని అడుగుతాను. ఎవరి మాట ముందు వింటారో అని పందెం. పన్నెండేండ్లయింది. ఇద్దరు దేవుళ్ళూ మా మిల్లులోనే పనిచేసినట్టున్నారు.

నరసింహ తన చేని కొట్టంలో పడుకోమన్నాడు. కరెంటు లేదు, ఉక్కకి ప్రాణం పోతోంది. వజ్రం దొరికితే సగం తనదంట. ఇంతవరకు దొరకనిదాంట్లో సగం ఎప్పుడు తీసుకుంటావు అని అడిగినాను. నవ్వలేదు.

నీ విమానం సంగతి ఏంది? మీ నాయన ఎమ్మిగనూరు బస్టాండులో నువ్వు రాకెట్టు తోలుతున్నావని చెప్పుకుంటున్నాడు. ఆదోనిలో నా కొడుకు ఈరేష్ బ్యాటరీ అంగట్లో నేలమీద కూర్చుని టంకం పెట్టడం నేర్చుకున్న పిల్లవి నువ్వు. నీ చేత విమానం చేయించుకునే కంపెనీ ఎట్లాంటిదో అని నాకు అనుమానంగా ఉంది.

తలకి నూనె పెట్టుకో.
అత్త

బెంగళూరు
14 జూన్ 2025

అత్తకు అంజలి నమస్కారాలు.

నాయన మాట నమ్మొద్దు. నేను ఏదీ తోలను. అసలు ఆ విమానంలో మనిషే ఉండడు. పేపర్లో వచ్చినంతవరకు నీకూ రాయొచ్చు కాబట్టి రాస్తున్నాను.

దాని రెక్కలు మీ మిల్లు షెడ్డంత పొడుగు, బరువు చూస్తే ఈరేష్ బావ మోటారుసైకిలంత. రెక్కల మీద సూర్యపలకలు అతికించి ఉంటాయి. ఇరవై కిలోమీటర్ల పైకి, మబ్బులు దాటి పోయి తిరుగుతూ ఉంటుంది. పగలు ఎండతో మోటార్లు తిరుగుతాయి, మిగిలిన కరెంటు బ్యాటరీల్లో నిండుతుంది. రాత్రంతా ఆ దాచుకున్నదే తినాలి. తెల్లారితే మళ్ళీ ఎండ. అట్లా నెలల తరబడి దిగకుండా తిరగాలని మా ఆశ.

రాత్రి గడవడమే అసలు కష్టం. బ్యాటరీ బరువైతే విమానం లేవదు, చిన్నదైతే తెల్లారకముందే దిగుతుంది. లోపల తొమ్మిది డబ్బాలు పెట్టాం. అందులో మూడో నంబరు డబ్బా మొత్తం నా చేతులతో చేశాను, ప్రతి అతుకూ నాదే. అంత కరెంటు దాచడానికి ఈరేష్ బావ అంగట్లో ముప్పై కిలోల సీసం మోయాలి. నా డబ్బా మూడు కిలోలు. బావకి చెప్పు, కుళ్ళుకోనీ.

డబ్బాలకీ మోటార్లకీ మధ్య కన్వర్టర్ అని ఒకటి ఉంటుంది. చెరువుకి తూములాగా, ఎవరికి ఎంత వదలాలో అది చూసుకుంటుంది. అది మా పెద్దసారు లక్ష్మీనారాయణ గారు చేసింది. ఆయన దాని ముందు నిలబడినప్పుడు చెప్పులు విప్పుతారేమో అనిపిస్తుంది, అంత భక్తి.

18న ఎగురుతుంది. మొదటి రాత్రి గడిస్తే గెలిచినట్టే. ఈరన్నకు ఒక కొబ్బరికాయ కొట్టు. రూత్ అత్తను కూడా వాళ్ళ యేసయ్యకి ఒక మాట చెప్పమను. ఇద్దరికీ చెప్పి ఉంచడం మంచిది.

నూనె పెట్టుకున్నా.
అంజలి

కొట్టం
24 జూన్ 2025

కోడలా, ఈ ఉత్తరం చదివి చించెయ్యి.

దొరికింది. ఏందని రాయను. వేటకి వచ్చినోళ్ళ కట్టుబాటు నీకు తెలుసు, దొరికింది అనే మాట నోట రాకూడదు. వచ్చిందంటే గంటలో వ్యాపారి మనుషులు వస్తారు, రెండో గంటకి నరసింహ తన సగం కోసం వస్తాడు. ఒకటి కాదు, పన్నెండు. రవికె లోపల చిన్న సంచి కుట్టుకున్నాను. పొద్దున ఎండకి ఒకసారి, సందేళ ఒకసారి తీసి చూసుకుంటాను. రూత్‌కి కూడా చెప్పలేదు. ఆమె నా ముఖం చూసి పళ్ళనొప్పా అని అడిగింది.

ఇంకో సంగతి. కొట్టంలోకి ఒకాయన వచ్చినాడు. యాడనుంచి వచ్చినాడంటే పైనుంచి వచ్చినాడనే చెప్పాల. మాట లేదు, పలుకు లేదు. అన్నం అడగడు, బీడీ అడగడు. సందేళయితే నాకూ రూత్‌కీ గాలి విసురుతాడు. మీ మామ, పోయినోడిని అనకూడదు గానీ, ఇరవై ఏండ్ల కాపురంలో ఒక్కనాడు నాకోసం విసనకర్ర పట్టలేదు. ఈరేష్ శుక్రవారం వచ్చి చూసి, "మంచోడేమ్మా, ఉండనీ" అన్నాడు. ఒకటే తంటా, పిచ్చి పట్టినట్టు విసురుతాడు. ఎన్నాళ్ళుంటాడో చూద్దామని రోజుకొక పసుపు చుక్క గోడమీద పెడుతున్నాను. ఆయన వచ్చినాక కొట్టం కప్పు కూడా కుదిరింది, వాన కారడం లేదు.

కొబ్బరికాయ కొట్టినాను. రూత్ మోకాళ్ళ మీద అడిగింది. నీ విమానం రాత్రి గడిచిందా?

అత్త

బెంగళూరు
30 జూన్ 2025

అత్తకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎవరత్తా ఆయన? నీకు యాభై ఎనిమిదేళ్ళు. తోడు కోరుకోవడం తప్పని నేను అనను, నాయన అంటాడు. రూత్ అత్త కూడా అదే కొట్టంలో ఉంది కదా, ఆమె చర్చివాళ్ళు ఊరుకుంటారా? ఊరూ పేరూ కనుక్కో. ఏమీ అడగకుండా గాలి విసిరే మగవాళ్ళు చివరికి ఏదో ఒకటి అడుగుతారు. ఆ పన్నెండు వస్తువులు ఆయనకు చూపించొద్దు. ఈరేష్ బావ ఎట్లా ఒప్పుకున్నాడో నాకు అర్థం కావడం లేదు.

నా సంగతి బాగాలేదు. ఏం జరిగిందో బయట చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు. కాబట్టి ఇంతే రాస్తాను. రెండేళ్ళుగా నేను ప్రాణంగా నమ్ముకున్నది ఒక్క రాత్రి కూడా నిలవలేదు. తప్పంతా నాదే అంటున్నారు. కాదని చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. జూలై 21న పెద్దవాళ్ళు కూర్చుని తేలుస్తారు. వాళ్ళు కూడా అదే మాట అంటే ఇక నన్ను ఎవరూ దగ్గరికి రానివ్వరు. బట్టలు సర్దుకుని నీ దగ్గరికే వస్తా. ఎమ్మిగనూరు పోలేను. బస్టాండులో నాయన ముఖం చూడలేను.

ఏడవడం లేదు. రాసేటప్పుడు మాత్రం ఏడుపొస్తోంది.

అంజలి

కొట్టం
6 జూలై 2025

ఎవడే వాడు?

నిన్న శనివారం నీ ఉత్తరం అందింది. ఒక్క రాత్రికే నిలబడనివాడు మనకెందుకు? వాడు పోతే పోయినాడు, తప్పు నీదనేదానికి వాళ్ళెవరు? పెద్దలు కూర్చుంటారా, కూర్చోనీ. నేనూ వస్తాను. రూత్ ప్రార్థన చేస్తుంది, ఈరేష్ వెనకాల నిలబడతాడు, నేను మాట్లాడతాను. వాళ్ళు చెప్పేది ఏదీ నాకు వినపడదు కాబట్టి ఒప్పుకునే మాటే లేదు. వాడి ఊరూ పేరూ రాయి.

ఇంక నా "ఆయన" సంగతి. తిక్కదానా, మనిషి కాదే, డబ్బా! దారిలో ఎవరి చేతిలో పడుతుందోనని మరుగుగా రాస్తే నువ్వు నాకు పెండ్లి చేసేసినావు. ఇప్పుడు నీ దుఃఖం ముందర దాపరికమేంది, అంతా రాస్తా.

పోయిన నెల పంతొమ్మిదో తేదీ పొద్దున్నే చేనికి పోయినాం. వాననీళ్ళు పారే వంక పక్కన ఒక పెద్ద నల్ల రేకులాంటిది పడి ఉంది, మంచమంత వెడల్పు, చేత్తో ఎత్తితే లేస్తుంది. నేలమీద ముక్కలు తళతళమంటున్నాయి. చూడగానే వంగినాను. రూత్ అటు తిరిగి ఉంది, పన్నెండు ఏరుకున్నాను. రేకుకి ఒక డబ్బా అతుక్కొని ఉంది. ఇనుము కాదు, సత్తు కాదు, దానిమీద మూడు అని అంకె. రేకు తెచ్చి కొట్టం మీద కప్పినాం. డబ్బా ఈరేష్ చూసి, ఇది బ్యాటరీ మాదిరుందే అని రెండు తీగలు పట్టించి తన అంగట్లో ఫ్యాను, లైటు తగిలించినాడు. ఆ ఫ్యాను ఆదోనిలో ఎప్పుడూ అట్లా తిరగలేదు. ఛార్జింగు పెట్టేదానికి కరెంటే లేదు కదా, రెండు రోజుల్లో సచ్చిపోతుందిలే అన్నాడు. పదిహేను చుక్కలు పెట్టినాను!

నువ్వు వచ్చెయ్. పన్నెండు రాళ్ళు అమ్మితే ఆదోనిలో ఒక గది, నాకు చెవి మిషను. నీకేం కావాలో నువ్వు చెప్పు. మంచం నీది, ఫ్యాను నీది.

అత్త

బెంగళూరు
10 జూలై 2025

అత్తా! వాడూ లేడు, వీడూ లేడు. పడింది విమానం. ఆ డబ్బా నాది!

ముందు ఇది విను. డబ్బా నుంచి తీగలు ఈరేష్ బావ చేతనే తీయించు. ఇంట్లో ఉంచొద్దు, ఇసకలో పెట్టి దూరంగా ఉంచు. నీళ్ళు తగలనివ్వొద్దు, గుచ్చొద్దు, ఎండలో పెట్టొద్దు. దెబ్బతిన్న లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆరదు. ఇన్ని రోజులు దాని పక్కనే పడుకున్నావు! ఈ ఉత్తరాన్ని ఫోటో తీసి బావకి పంపుతున్నాను, బండి మీద తెచ్చి నీకు చూపిస్తాడు. ఎంత కరెంటు మిగిలిందో చూడ్డానికి మీటర్ మాత్రం ఎవరూ పెట్టకూడదు. మా వాళ్ళు 16న వచ్చి వాళ్ళే చూస్తారు.

ఇక జరిగింది. నీ ఉత్తరం లక్ష్మీనారాయణ సార్‌కి చూపించాకే, ఆయన సరే అన్నాకే రాస్తున్నాను. ఆయన మొదట నవ్వారు. తర్వాత నవ్వు ఆపి రెండోసారి చదివారు.

ఆ రాత్రి తెల్లవారుజామున మోటార్లకు కరెంటు చాలక విమానం దిగజారింది, గాలికి రెక్క విరిగింది. పెద్ద ముక్కలన్నీ కర్ణాటకలో దొరికాయి. నా మూడో డబ్బా ఒక్కటే దొరకలేదు. ఇక్కడి రికార్డులో దాని దగ్గర సున్నా కనిపిస్తోంది. అంటే మూడో డబ్బా చచ్చిపోయింది, అంజలి అతుకులు ఊడిపోయాయి, విమానం పడింది. అదీ వాళ్ళ లెక్క. ఒక్కరు కూడా కన్వర్టర్ వైపు చూడలేదు.

కానీ చచ్చిన డబ్బా నీ ఫ్యానును పదిహేను రోజులు ఎట్లా తిప్పింది? అది నిండుగా ఉండగానే పడింది అత్తా. కడుపునిండా కరెంటు పెట్టుకుని కూర్చుంది, తూము మూసుకుపోతే అదేం చేస్తుంది? ఫ్యానుకి పన్నెండు వోల్టులు చాలు, నా డబ్బా పదహారు ఇస్తుంది, అందుకే పిచ్చిగా తిరిగింది.

ఇప్పుడు నా భయం ఒక్కటే. ఈ ఉత్తరం చేరేసరికి ఇరవై చుక్కలు దాటుతాయి. డబ్బా ఖాళీ అయిపోయి ఉంటే మొదటినుంచీ ఖాళీదే అంటారు. పల్లెలో ఒకామె ఫ్యాను తిరిగిందని చెబితే రికార్డును కాదని దాన్ని రాసుకోరు. కొంచెమైనా మిగిలి ఉంటే లెక్క కట్టగలరు. ఈ పని నుంచి తీసేస్తే ఇంకెక్కడా నా చేతికి బ్యాటరీ ఇవ్వరు. నాకు ఇంకో పని రాదు, వద్దు కూడా.

ఇంకో మాట రాయడానికి చేయి రావడం లేదు. ఆ పన్నెండు వజ్రాలు కావు. సూర్యపలకల మీద అతికించే గాజు. క్షమించు అత్తా. చెవి మిషను నేను తెస్తాను.

అంజలి

కొట్టం
17 జూలై 2025

కోడలా,

గాజు అని చదివినాక కొట్టం వెనక పోయి కూర్చున్నాను. ఏడ్చినాను, అబద్ధమెందుకు. పన్నెండేండ్లు కదా. రూత్ వచ్చి పక్కన కూర్చుంది. సంచి విప్పి చూపిస్తే, "మూడు వారాలుగా నీ పళ్ళనొప్పికి ప్రార్థన చేస్తాండానే" అని నా వీపు మీద ఒకటి ఇచ్చింది. తర్వాత ఇద్దరం నవ్వినాం.

నిన్న మీవాళ్ళు నలుగురు రెండు జీపుల్లో వచ్చినారు. ముఖాలకి అద్దాలు, చేతులకి తొడుగులు. డబ్బాకి నేను కుంకుమ పెట్టి ఉన్నాను, దాన్ని చూసి ఒకాయన ఇది తుప్పా అని అడిగినాడు. కప్పు మీది రెక్క చూసి మీ లక్ష్మీనారాయణ సారు కాసేపు నోరు తెరిచినాడు. ఆయప్ప మంచోడేలే, మజ్జిగ రెండు చెంబులు తాగినాడు. రెక్కని దించుకుపోతామంటే వానాకాలం అయినాక రమ్మన్నాను. ఒప్పుకోలేదు. టార్పాలిన్ ఇచ్చి పోయినారు.

గోడమీద చుక్కలు ఫోటో తీసుకున్నారు. రోజుకు ఎన్ని గంటలు వేసినారమ్మా అని సారు కాగితం మీద రాసి అడిగినాడు. గడియారం యాడుంది సామీ, రూత్ ప్రార్థన మొదలుపెడితే వేస్తాం, ఆమె ఆపితే తీస్తాం అన్నాను. ప్రార్థన ఎంతసేపు? అన్నాడు. అడిగితే చేసి చూపిస్తుందన్నాను. నాలుగు గంటలని ఈరేష్ చెప్పినాడు, పాపం వాడు ఒకసారి ఇరుక్కున్నాడు.

మళ్ళీ అడిగినాడు. పదిహేను చుక్కలే ఉన్నాయి, జూలై ఐదు నుంచి లేవు, ఎందుకు ఆపినారు, డబ్బా అయిపోయిందా అని. ఆ మాటకి ఈరేష్ ముఖం పాలిపోయింది.

అయిపోలేదు. నేనే ఆపినాను. శనివారం నీ ఉత్తరం వచ్చింది కదా, వాడెవడో వదిలేసినాడు, నువ్వు వచ్చేస్తావని అనుకున్నాను. బెంగుళూరులో చల్లగా ఉన్న పిల్లవి, ఈ ఉక్కలో ఎట్లా పడుకుంటావు? ఉన్న గాలి నీకు మిగలాలని ఆ రోజే ఈరేష్‌కి చెప్పకుండా నా చేత్తోనే తీగ పీకేసినాను. రూత్ వారం రోజులు నన్ను తిట్టుకుంది, ప్రార్థనలోనే తిట్టింది. సారుకి ఇదంతా చెప్పినాను. ఆయప్ప కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

మీటర్ పెట్టినారు. పావు వంతు ఇంకా ఉంది! పదిహేను చుక్కలు, నాలుగేసి గంటలు, ఫ్యాను ఎంత తింటుంది, లైటు ఎంత తింటుంది, అన్నీ కాగితం మీద కూడినారు. ఆ పావు కలిపితే నిండు డబ్బా లెక్క తేలింది. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈరేష్ నా చెయ్యి పట్టుకుని పిసికినాడు, గాజులు రెండు పగిలినాయి.

గాజంటే గుర్తొచ్చింది. వాళ్ళ గాజుముక్కలు పదకొండు ఇచ్చేసినాను. పన్నెండోది యాడో పడిపోయిందని చెప్పినాను. రూత్ ముక్కుపుడకకి బాగుంది.

సారు పోయేముందు నా దగ్గరికి వచ్చి, కింద చూసుకుంటా, మెల్లగా ఏదో అన్నాడు.

"ఏంది సామీ? గట్టిగా సెప్పు, మిల్లు చెవులు."

"తప్పు అంజలిది కాదమ్మా."

"ఆఁ? ఇనపడ్లేదు."

"తప్పు అంజలిది కాదు! కన్వర్టర్‌ది!"

"అదెవురు సేసినారు సామీ?"

"నేనే! నేను చేసిందే! పడింది నా తప్పుతో! అట్లనే రాసిస్తాను!"

చేనంతా తలలెత్తింది. వంకలో, గట్టు మీద రాళ్ళు ఏరుకునే జనం రెండు వందల మంది ఉంటారు, అందరూ విన్నారు. ఎమ్మిగనూరు వాళ్ళు ఇద్దరున్నారు, సందేళకి బస్టాండులో మీ నాయనకి చేరి ఉంటుంది. నువ్వు 21న తలెత్తుకుని పో.

చెవి మిషను ఇప్పుడే కొనొద్దు, ఇంకా పెద్దసార్లు ఎవరన్నా వస్తారేమో. నీకొక్కదానికే చెబుతున్నా, ఈరేష్‌కి కూడా చెప్పొద్దు. నాకు మొదటిసారే వినపడింది.

అత్త